ఏ చెట్టు బదనిక

మామిడి కొమ్మ మీద బదనిక కనిపిస్తే ఒకప్పుడు నాకు కోపం వచ్చేది. ఇప్పుడు భయం వేస్తుంది. ఎంత భయమంటే, తమిళనాడులో, రాజపాళయంలోని మా ఇంటి వెనుక ఉన్న చెట్టు మీద కొత్త గుబురు లేచిందేమోనని రోజూ తల ఎత్తి చూస్తాను.

బదనిక తెలియని వాళ్ళకు చెప్తాను. ఇది నేలలో మొలవదు. మరో చెట్టు కొమ్మ మీదే పుట్టి, అక్కడే పెరుగుతుంది. మా ఊళ్ళో తమిళంలో దీన్ని పుల్లురువి అంటారు. బొటనవేలంత పిట్ట ఒకటి దీని పండు మింగుతుంది. గింజ చుట్టూ జిగురు ఉంటుంది. రెట్టతో పాటు బయటికి వచ్చినా ఆ గింజ పిట్టను వదలదు, తోక కింద వేలాడుతూ ఉంటుంది. దాన్ని వదిలించుకోవడానికి పిట్ట ఒళ్ళు కొమ్మకేసి రుద్దుతుంది. అంతే, విత్తనం నాటినట్టే. కొన్నాళ్ళకు ఆ చోట కొమ్మ ఉబ్బి గడ్డ కడుతుంది. గడ్డ లోపల బదనిక వేళ్ళు చెట్టు నరాల్లోకి దిగి ఉంటాయి. నీళ్ళు చెట్టువి, ఆకులు దానివి. చెట్టు ఎండాకాలంలో వాడి ఉన్నప్పుడు కూడా అది మాత్రం నిగనిగలాడుతుంది. ఎర్రటి గొట్టాల్లాంటి పూలు పూస్తుంది. తెలియనివాళ్ళు చూసి చెట్టు బాగా కాపుకొచ్చిందనుకుంటారు.

దాన్ని వదిలించాలంటే గుబురు తుంచితే చాలదు. గడ్డకు మూరెడు కిందికి కొమ్మనే నరికేయాలి. మా నాన్న నేర్పిన పని ఇది. ఆయనకు మంసాపురం దగ్గర, కొండ కింద, మామిడి తోపు ఉండేది. గట్టు మీద నిలబడి నాకూ తమ్ముడికీ ఒకటే మాట చెప్పేవాడు: "దీనికి సొంత గుణం లేదు పాపా. ఏ చెట్టు నీళ్ళు తాగితే ఆ చెట్టు గుణమే. మామిడి మీద పుట్టింది మందు అయితుంది. ఎట్టి మీద పుట్టింది చేత్తో కూడా తాకొద్దు."

ఎట్టి అంటే తెలుగు పుస్తకాల్లో ముషిణి అని రాసే చెట్టు. దాని గింజలో మనిషిని చంపే విషం ఉంది. మా ఊళ్ళో చేదుగా ఉన్న దేన్నయినా ఎట్టికాయ అనే అంటారు. కాకరకాయ కూరనూ, మందునూ, చక్కెర తగ్గిన కాఫీనీ అంతే.

ఆ సంవత్సరం మా ఆయనకు మూత్రనాళంలో రాయి ఉందని తేలింది. లేజర్‌తో పగలగొడతామని డాక్టర్లు రోజు కూడా ఇచ్చారు. నేను ఆ రోజును గోడ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టాను. మాది సర్జికల్ బట్ట నేసే చిన్న షెడ్డు. మగ్గాల గొడవ ఆయనది, లెక్క నాది. బట్ట మీటరు తేడా వచ్చినా, గాయాలకు కట్టే గాజు గుడ్డ కట్ట ఒకటి తగ్గినా నిద్ర పట్టని మనిషిని. ఎర్ర పెన్ను గుర్తు పెట్టిన రోజు దగ్గరికి వచ్చేకొద్దీ, ఆ గుర్తు కనబడకుండా మా ఆయన క్యాలెండర్ మేకుకు చొక్కా తగిలించడం మొదలుపెట్టారు. కత్తి అన్నా, సూది అన్నా ఆయనకు భయం. అది బయటికి చెప్పరు, చొక్కా తగిలిస్తారు.

ఆ సంగతి మా తమ్ముడికి అర్థమైంది. నాన్న తరువాత తోపు వాడే చూసుకుంటున్నాడు. వాడికి బావ అంటే ప్రాణం. చోళపురం వైపు ఒక ముసలి నాటువైద్యుడి దగ్గరికి పోయి అడిగి వచ్చాడు. మామిడి బదనిక కషాయం మూడు వేళలు తాగితే రాయి కరిగిపోతుందని ఆయన చెప్పాడట. అయితే దానికి పద్ధతి ఉంది. అశ్విని నక్షత్రం నాడు, తెల్లవారక ముందే, లైటు వేయకుండా కోయాలి. మనిషి నీళ్ళు పోయని చెట్టు అయి ఉండాలి. కోసినప్పటి నుంచి ఇల్లు చేరేదాకా మాట్లాడకూడదు, మూట నేలకు తగలకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మూడు వేళలూ తాగి ముగించేదాకా అది ఏ చెట్టుదో, ఎక్కడిదో నోట చెప్పకూడదు. చెప్తే మందు తాగినవాడి మీదికి తిరగబడుతుంది. ఇలాంటి కట్టుబాటు మా పక్క కొత్తది కాదు. మా అమ్మ కూడా వేరు మందు తెచ్చినవాళ్ళను ఎక్కడిదని అడగనిచ్చేది కాదు.

ఆ ఉదయం తమ్ముడు మొదటి టౌన్ బస్సులో వచ్చాడు. భుజాన తువ్వాలు మూట. గుమ్మంలో నిలబడి, నా చేతిలో మూట పెట్టి, అప్పుడు ఊపిరి వదిలాడు.

"అబ్బా! అక్కా, నోరు మూసుకోని వచ్చేది ఇంత కష్టమని తెలియదు. కండక్టరు నన్ను మూగోడనుకున్నాడు. పాపమని ఒక ఆయమ్మను లేపి నాకు సీటు ఇప్పించినాడు."

మా ఆయన బావమరిదిని తమిళంలో మచ్చాన్ అనే పిలుస్తారు. మంచం మీద నుంచే అన్నారు. "ఒరేయ్ మచ్చాన్, ఇంక ఎప్పుడూ అట్లే రా. బస్సుకూ మంచిది, మాకూ మంచిది."

"నీకోసం మూగోడయినాను బావా. నగుతావా?"

నేను మూట విప్పకుండానే అడిగాను. "ఏ చెట్టుదిరా ఇది? మన తోపుదేనా?"

వాడు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "అది మాత్రం అడగొద్దు. మూడు వేళలు అయినంక చెప్తాను. ముందే చెప్తే తిరగబడుతుందంట."

"తిరగబడేదానికి అదేమన్నా కుక్కా? వైద్యర్ అన్నాడని నువ్వు చెప్పవు, నువ్వు అన్నావని నేను అడగకూడదు."

"వదిలేయవే," అన్నారు మా ఆయన. "నువ్వు దేన్నీ అడగకుండా ఉన్న రోజు నేను చూడాల. ఈ ఒక్కటీ వదిలేయి."

ఆ మాటకు నవ్వి ఊరుకున్నాను. పైన ఉన్న ఆకులు తీసుకున్నాను. దళసరి బదనిక ఆకులే. రెండు టంబ్లర్ల నీళ్ళు ఒక టంబ్లర్ అయ్యేదాకా కాచి, వడగట్టి ఇచ్చాను. ఆయన ఒక్క గుక్క తాగి మొహం ముడిచారు.

"అయ్యయ్యో, ఎట్టికాయ మాదిరి చేదే!"

తమ్ముడు పగలబడి నవ్వాడు. "మందు తియ్యగా ఉంటాదా బావా? కళ్ళు మూసుకోని తాగు."

ఆయన ఇంకో రెండు గుక్కలు తాగి టంబ్లర్ కింద పెట్టేశారు. మిగిలింది కాఫీ తరువాత తాగుతానన్నారు. అలవాటు కొద్దీ నేను టంబ్లర్ లోపలికి చూశాను. మూడో వంతు తాగారు. అలా చూసినందుకు ఆ రోజంతా నా కళ్ళకు మొక్కుకున్నాను.

అరగంట తరువాత నేను వంటింట్లో ఉన్నాను. కుక్కర్ కూత వేసింది. హాల్లో కుర్చీ గుద్దుకున్న చప్పుడైంది. తొంగి చూస్తే ఆయన కుర్చీలో నిటారుగా, రెండు చేతులతో కుర్చీ చేతులు పట్టుకుని ఉన్నారు. పేపరు కింద పడి ఉంది.

"ఏమయింది?"

"ఏమీ లేదు. ఉలిక్కిపడినాను." నవ్వబోయారు. నవ్వు ఒక పక్కకే పోయింది. "మెడ పట్టేసినట్టుంది. దవడ ఎవరో పట్టుకున్నట్టు ఉండాది చూడు."

దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. నా చెయ్యి తగలగానే ఆయన ఒళ్ళంతా కర్రలా బిగిసింది. కాళ్ళు ముందుకు చాచుకుపోయాయి. కొంచెంసేపటికి వదిలింది. కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి, తెలివి పూర్తిగా ఉంది. అది అన్నిటికంటే భయంగా ఉండింది. స్పృహ తప్పితే ఆయనకు తెలియకపోను. అంతా తెలుస్తూనే ఉంది.

నేను వంటింట్లోకి పరుగెత్తి తువ్వాలు మూట పూర్తిగా విప్పి పరిచాను. అడుగున ఒక చిన్న పుల్ల ఉంది. బదనిక గడ్డతో పాటు తెగి వచ్చిన పుల్ల. దానికి రెండు ఆకులు. మామిడాకు పొడుగ్గా ఉంటుంది, నడిమి ఈనె ఒకటే. ఈ ఆకు గుండ్రంగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. తొడిమ దగ్గర నుంచి మూడు ఈనెలు బయలుదేరి కొన దాకా వంపుగా పోయాయి. మా నాన్న గట్టు మీద నిలబడి, పుల్లతో మాత్రమే తాకి చూపించిన ఆకు.

తమ్ముడి చెయ్యి పట్టుకుని లాగి ఆ ఆకు చూపించాను.

"ఏందక్కా?"

"ఎట్టి."

"కాదక్కా. కానే కాదు," అన్నాడు. ఆ పైన ఏమీ చెప్పకుండా పెదవులు బిగించాడు.

మిగిలిన కషాయాన్ని ఒక సీసాలో పోసి మూత బిగించాను. ఆకు పుల్లను కాగితంలో చుట్టాను. వాడు ఆటో తెచ్చాడు. డ్రైవరుకు హారన్ కొట్టవద్దని చేతులు జోడించి చెప్పాను. ఆ అబ్బి కొట్టలేదు. కానీ మిగతా ఊరు ఊరుకుంటుందా? అప్పుడే స్పిన్నింగ్ మిల్లు షిఫ్టు వదిలారు. గేటు ముందు టూవీలర్లు, షేర్ ఆటోలు, వెనుక నుంచి టౌన్ బస్సు. బస్సు హారన్ మోగిన ప్రతిసారీ ఆయన నా పక్కన విల్లులా వంగుతున్నారు. పట్టుకుందామంటే నా చెయ్యి తగిలితే ఇంకా బిగుసుకుంటున్నారు. తాకకుండా, సీటు మీద నుంచి జారిపోకుండా, మోకాళ్ళు అడ్డం పెట్టి కూర్చున్నాను. పళ్ళ సందు నుంచి ఆయన ఒకటే మాట అన్నారు: "మెల్లిగా." ఎవరిని అన్నారో తెలియదు.

ఆసుపత్రిలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. మంచం మీద పడుకోబెట్టి, చక్కెర చూసింది, బాగానే ఉంది. ఆయన మడమ మీద పాత గీత ఒకటి చూసింది. మగ్గం ఇనుము గీసుకున్నది. ఆమె మొహం మారింది. ధనుర్వాతం కావచ్చు, అయితే వెంటనే మదురైకి పంపాలి అంది. నేను సీసా చూపించాను, ఆకు చూపించాను, మూడో వంతు తాగారని చెప్పాను.

ఆమె ఆకును వెలుతురులో పెట్టి చూసింది. నన్ను బయటికి తీసుకువచ్చి నిదానంగా చెప్పింది. ఈ ఆకు తనకు తెలియదు. మూటలోకి ఎక్కడి నుంచైనా వచ్చి ఉండవచ్చు. ఎట్టి విషమే అయితే ఆయనను కదిలించకూడదు. చప్పుడు, వెలుతురు, కుదుపు, ఏదైనా ఒళ్ళు బిగిసే పట్టు తెప్పిస్తుంది, ఒక పట్టులో ఊపిరి ఆగిపోవచ్చు. ధనుర్వాతమైతే ఇక్కడ ఉంచి కాలం పోగొట్టకూడదు. ఆంబులెన్సు గుమ్మంలోనే ఉంది.

"ఎంద మరం, పాట్టి?" అని అడిగింది. ఏ చెట్టు అవ్వా అని. "అదొక్కటి తెలియాలి."

అది తెలిసినవాడు వరండాలో గోడకు ఆనుకుని ఉన్నాడు.

"చెప్పురా," అన్నాను.

"చెప్పలేను అక్కా."

"లోపల చూసినావా ఆయన్ని?"

"చూసినాను. చూసినందుకే చెప్పను. ఒక వేళే తాగినాడు, ఇంకా రెండు ఉండాయి. ఇప్పుడు నా నోట వచ్చిందంటే బావ ఉండడు."

పట్టుదల కాదు అది. చెప్తే ఆయన చచ్చిపోతారని వాడు, చెప్పకపోతే చచ్చిపోతారని నేను. ఇద్దరమూ ఒకే మనిషి కోసం భయపడుతూ ఒకరి దారికి ఒకరం అడ్డం నిలబడి ఉన్నాం. తిట్టాలని నోరు తెరిచాను. తిడితే వాడు ఇంకా బిగుసుకుంటాడని చిన్నప్పటి నుంచి నాకు తెలుసు.

"ఇదో చూడు," అన్నాను. "అడిగింది నేను. నువ్వుగా చెప్పలేదు, నేను బలవంతం చేసి చెప్పించినాను. తిరగబడేదుంటే నా మీదికి తిరగబడనీ. నా తాళి మీద చెయ్యి పెట్టి చెప్తున్నా. పాపం నాది."

వాడు నా మొహం చూశాడు, నేల చూశాడు. తరువాత నీళ్ళలోకి దూకేవాడిలా కళ్ళు మూసుకున్నాడు.

"మామిడే అక్కా. వైద్యర్ చెప్పినట్టు మామిడే. కొండ పక్క గట్టు మీద ముసలి చెట్టు. దానికెవరూ నీళ్ళు పోయరు గదా."

కొండ పక్క గట్టు. ఆ మామిడి నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. దాని మొదట్లోనే, ఒకే గుంటలో నుంచి లేచినట్టు, ఎట్టి చెట్టు ఉంది. పశువులు ఆకు ముట్టవు, కంచెకు బలమని నాన్న దాన్ని కొట్టనివ్వలేదు. రెండింటి కొమ్మలూ ఒకదాంట్లోకి ఒకటి దూరి, పైన ఒకే గొడుగులా ఉంటాయి. పగలు చూసినా ఏ కొమ్మ దేనిదో వేలు పెట్టి వెతుక్కోవాలి.

"చీకట్లో కోసినావు గదా?"

"లైటు వేయకూడదంట అక్కా."

"చేత్తో తడిమి కోసినావా?"

"గుబురు చేతికి తగిలింది. కోసినాను." అప్పుడు వాడికి కూడా ఆ రెండో చెట్టు కనిపించినట్టుంది. తన చేతులు తిప్పి చూసుకున్నాడు.

నేను తలుపు దగ్గరికి వెళ్ళి డాక్టరమ్మకు చెప్పాను. మామిడి మీదిది కాదు, ఎట్టి మీదిది, రెండు చెట్లూ పెనవేసుకుని ఉంటాయి, అని. ఆమె ఒక్క క్షణం నన్ను చూసి తల ఊపింది. ఆ క్షణంలోనే లోపల ఎవరి చేతిలో నుంచో స్టీలు ట్రే జారి నేల బండల మీద పడింది.

ఆ చప్పుడు నేను ఇప్పటికీ వింటాను. ఆయన తల వెనక్కి వంగిపోయింది. వీపు మంచం మీద నుంచి లేచింది. తలా మడమలూ మాత్రమే ఆని ఉన్నాయి. మొహం నల్లబడింది. పెదవులు విడిపోయి పళ్ళు కనిపిస్తున్నాయి. నవ్వుతున్నట్టు ఉంది, నవ్వు కాదు. ఊపిరి లేదు.

వెనుక నుంచి తమ్ముడు నా చీర కొంగు పట్టుకున్నాడు. "చూసినావా అక్కా? చూసినావా? చెప్పినాను, అయింది."

ట్రే పడిందని నాకు తెలుసు. నేను చూశాను, విన్నాను. అయినా ఆ కాసేపూ నేను వాడిని నమ్మాను. నేను అడిగాను కాబట్టి, వాడు చెప్పాడు కాబట్టి, మందు తిరగబడింది. తాళి మీద చెయ్యి పెట్టి నేనే పిలిచాను దాన్ని. జీవితమంతా దేన్నయినా కొలిచి, చూసి, అడిగి నమ్మిన మనిషిని, ఆ తలుపు దగ్గర నిలబడి, నా తాళిని గుప్పిట్లో మూసి పట్టుకున్నాను.

పట్టు వదిలింది. గుర్రుమని ఊపిరి లోపలికి పోయింది. డాక్టరమ్మ సూది వేసింది. ఆంబులెన్సును పంపేసింది. మదురైలోని పెద్ద డాక్టరుతో పక్క గదిలో నుంచి ఫోన్‌లో మాట్లాడింది. కిటికీకి దుప్పటి కట్టించింది. ఫ్యాను ఆపించింది. ఆయన చెవుల్లో దూది పెట్టింది. నన్ను ఒక మూల కూర్చోనిచ్చింది, మాట్లాడకూడదని, తాకకూడదని. పెళ్ళయినప్పటి నుంచి ఆ మనిషి ఒంట్లో బాగాలేనప్పుడు నేను చేసిందల్లా తాకడమూ, మాట్లాడటమే. ఆ గదిలో రెండూ విషమే.

బయట తమ్ముడు కాపలా నిలబడ్డాడు. వచ్చేవాళ్ళ చెప్పులు విప్పించాడు. సెల్‌ఫోన్ మోగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. కానీ నోరు విప్పలేదు. తలుపు సందులో నుంచి వాడి నీడ కనిపిస్తూ ఉండింది. లోపల నాకు కనిపించేది ఆయన మీది దుప్పటి పైకి లేవడమూ దిగడమూ మాత్రమే. సూది మందు ఎక్కువై ఊపిరి మందగిస్తుందేమోనని ఒక భయం. తక్కువై మళ్ళీ విల్లు వంగుతుందేమోనని ఒక భయం. దుప్పటి లేవడం ఆలస్యమైతే నా ఊపిరి కూడా ఆగేది.

సాయంత్రానికి బిగువు సడలింది. పట్లు దూరమై, చిన్నవై, తరువాత కాలి వేళ్ళలో మాత్రం అదురు మిగిలింది. మొత్తం తాగి ఉంటే ఇక్కడిదాకా వచ్చేవారు కారని డాక్టరమ్మ చెప్పింది. కిడ్నీ ఎట్లా ఉందో ఇంకా చూడాలని కూడా చెప్పింది.

మర్నాడు పొద్దున్నే కిటికీ దుప్పటి ఒక పక్క కొంచెం ఎత్తారు. ఆయన కళ్ళు తెరిచి, ఒళ్ళంతా ఎవరో బట్ట ఉతికినట్టు ఉందన్నారు. గొంతు గీరుకుపోయి ఉంది. కాఫీ అడిగారు. ఇవ్వకూడదన్నాను. "దీనికా బ్రతికింది," అన్నారు. నాకు నవ్వు రాలేదు.

ఆయన తలుపు వైపు చూశారు. తమ్ముడు గడప అవతలే, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని, నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

"ఏంరా మచ్చాన్, అక్కడే నిలబడినావు? దగ్గరికి రా."

వాడు తల అడ్డంగా ఊపాడు. పెదవులు బిగించి ఉన్నాయి.

"నోరు ఏమయింది వానికి?" అని నన్ను అడిగారు.

"వాడు చెప్పినందుకే మీకు ఎక్కువయిందని అనుకుంటున్నాడు," అన్నాను.

ఆయన చేతిని మంచం మీద నుంచి కొంచెం ఎత్తి పిలిచారు. "అట్లంటే ఇప్పుడు చూస్తాం. ఏదైనా ఒక మాట అను. పిలువు నన్ను."

వాడు నా వైపు చూశాడు. అనమనాలి నేను. ట్రే పడిందిరా, నీ మాట వల్ల కాదు అని చెప్పాలి. అది నిజమని నాకు తెలుసు. అయినా వద్దు, ఈ ఒక్క రోజు వద్దు అన్న మాట నా నాలుక చివరకు వచ్చి నిలిచింది. గట్టిగా మింగి, తల ఊపాను.

"బావా," అన్నాడు వాడు, వినబడీ వినబడకుండా.

వాడూ నేనూ ఒకేసారి ఆయన కాళ్ళ వైపు చూశాం. దుప్పటి కింద ఏమీ కదలలేదు.

"ఊఁ," అన్నారు ఆయన. "చెప్పు."